చిటికెడు పొడి

“ఆ గిన్నె అక్కడ పెట్టండి ముందు!” అని అరిచింది నజీమా.

పెరుగు గిన్నెతో వంటింటి గడప దాటబోతున్న సైదావలి దొంగలా ఆగిపోయాడు. ఆటోనగర్‌లో వాళ్లది ముందు లారీల షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు. షెడ్డులోని పాత టైరులో అతని కుక్క పిస్టన్ ముడుచుకుని పడి ఉంది. విరేచనాలు ఎంతకీ కట్టక, లేచి నిలబడే ఓపిక కూడా లేదు దానికి.

“కుక్క మూతి పెట్టిన గిన్నెని ఏడుసార్లు కడగాలి. అందులో ఒకసారి మట్టితో. ఎవరు కడుగుతారు, మీరా?”

“అది చచ్చిపోయేట్టుంది నజీమా.”

“అయితే? దాని తిండి దాని డబ్బా మూతలోనే. నా గిన్నెల జోలికి రావద్దు.”

సైదావలి కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, సాయంత్రానికి పశువుల డాక్టర్ శాలిని షెడ్డుకొచ్చింది. పిస్టన్ పొట్ట నొక్కి చూసి, కాసిని ప్యాకెట్లు తీసిచ్చింది.

“ముందు వాడిన మందులకి చెడ్డ క్రిములతోపాటు మంచివీ పోయాయండీ. ఇది ప్రోబయాటిక్. ఒక్కో ప్యాకెట్‌లో కోట్లకొద్దీ మంచి సూక్ష్మజీవులుంటాయి, అన్నీ ప్రాణంతోనే. పేగుల్లోకి వెళ్లి కాపురం పెడతాయి.”

సైదావలి ప్యాకెట్‌ని వెలుతురుకెత్తి చూశాడు. ఉన్నది చిటికెడు పొడి! బెజవాడ జనమంతా కలిసినా ఇందులో ఓ మూలకి రారన్నమాట. ‘యా అల్లా, ఇంతలో అంత సృష్టి దాచావా’ అనుకున్నాడు. ఆ ఆశ్చర్యంలో డాక్టరమ్మ తర్వాత చెప్పిన మాటలు అతని చెవికెక్కనే లేదు. తలుపు చాటున నిలబడ్డ నజీమా మాత్రం మొహం చిట్లించుకునే అంతా వింది.

మర్నాడు పొద్దున్నే ఆమె గరిటె తగలకుండా పైనుంచే అన్నం డబ్బా మూతలో పడేసింది. ఆ పొగలు కక్కే అన్నం మీద సైదావలి పొడి చల్లాడు.

“కాస్త ఆరనివ్వచ్చుగా!”

“జబ్బుచేసినోళ్లకి చల్లన్నం పెడతామా ఎక్కడైనా?”

“మీ కుక్క, మీ ఇష్టం” అని మూతి తిప్పుకుంటూ లోపలికెళ్లిపోయింది.

వారం తిరక్కముందే పిస్టన్ లేచింది. స్పానరు నోట కరుచుకుని షెడ్డంతా గెంతింది. సైదావలికి కళ్లు చెమర్చాయి. కంటికి కనపడని ప్రాణులు కళ్లముందున్న ప్రాణాన్ని నిలబెట్టాయి! బ్రేకులు వేయించుకోడానికొచ్చిన డ్రైవర్లందరికీ ఆ సంగతే చెప్పాడు.

ప్యాకెట్లు అయిపోయాయని ఆ రోజు మధ్యాహ్నం డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఫోన్లో పిస్టన్ గెంతులు చూపించాడు.

“భలే కోలుకుందే! కానీ ప్యాకెట్లు అప్పుడే ఎలా అయిపోయాయి? రోజుకొకటేగా వేస్తోంది?”

“ఒకటేనండీ. వేడివేడన్నంలో కలిపి, దగ్గరుండి మరీ తినిపించా.”

“వేడన్నంలోనా! చల్లటి పెరుగులో కలపమన్నాను కదండీ. ఆ వేడికి అవి చచ్చిపోతాయి. మీరు పెట్టింది ఉత్త అన్నమే.”

“మరెలా లేచిందండీ ఇది?”

శాలిని ఫోన్‌లోకి మళ్లీ చూసింది. “నాకూ అర్థం కావట్లేదు.”

మందు చచ్చింది, కుక్క బతికింది. ఇది పైవాడి మహిమ కాక మరేమిటి! ఈ మాట నజీమాకి చెప్పి తీరాలి. అప్పుడైనా ఆ నోరులేని జీవం మీద ఆమె మనసు కరుగుతుందేమో. బండిని ఉరికించుకుంటూ వచ్చి, “నజీమా!” అంటూ పెరట్లోకి పరుగెత్తాడు.

పిస్టన్ మూతికంటిన పెరుగు నాక్కుంటోంది. పక్కనే చింపిన పొడి ప్యాకెట్ పడి ఉంది. కొళాయి కింద, మట్టి పట్టించిన పెరుగు గిన్నెని కడుగుతూ నజీమా తలెత్తకుండానే కసిరింది.

“నాలుగు... ఐదు... ఉండండి, లెక్క తప్పుతుంది!”