పెద్దమామా పడ్డ పదకొండు సార్లు

పెద్దమామా మళ్ళీ పడింది.

ఎనభై రెండేళ్ళ ముసలావిడ. టీ కప్పుతో హాల్లోకి వస్తూ తివాచీ అంచు తన్నుకుంది. రెండు కాళ్ళూ గాల్లోకి లేచాయి. ధబ్బున కూలబడింది.

కప్పు మాత్రం చేతిలోనే ఉంది. చుక్క టీ ఒలికితే ఒట్టు!

“యేసయ్యా!” అంటూ ఎలీసమ్మ పరిగెత్తింది.

పెద్దమామా మూలగలేదు. ఎలీసమ్మ మొహంలోకి కళ్ళార్పకుండా చూసింది. కాసేపు చూసి, నిట్టూర్చి, లేపమని చెయ్యి చాపింది.

ఇదేం వింతో ఎలీసమ్మకు బొత్తిగా అంతుపట్టలేదు.

కువైట్‌లో, ఫింటాస్‌లోని ఆ ఫ్లాట్‌లో పెద్దమామాను కనిపెట్టుకుని ఉండటమే ఎలీసమ్మ పని. అక్కడి ఇళ్ళలో యజమానురాలిని ‘మామా’ అంటారు; ఈవిడ ఇంటికి పెద్ద కాబట్టి పెద్దమామా. ఈవిడది జర్మనీ. భార్య పోయిన ఒక కువైటీ ఇంజనీరును పెళ్ళాడి నలభై ఏళ్ళ కిందట వచ్చిందట. ఇప్పుడు ఆయనా లేడు. ఆయన కొడుకు, కోడలు దలాల్ ఆవిడను చూసుకుంటున్నారు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు.

ఎలీసమ్మను పెంచిన అన్న యెహోషువ పోయిన నెలలో రాజోలులో చనిపోయాడు. కువైట్‌లో ఉండేందుకిచ్చే అనుమతి కార్డు, ఇఖామా, రెన్యువల్‌లో ఉండి ఆమె వెళ్ళలేకపోయింది. సమాధుల తోటలో పెట్టె దింపడం ఫోన్లోనే చూసింది. పెద్దమామా కూడా పక్కనే కూర్చుని చూసింది.

ఆ వారం నుంచే ఈ పడటం మొదలైంది.

పక్క ఫ్లాట్‌లో పనిచేసే అమీర్‌బీది రాయచోటి. చెత్త పడేయడానికి వెళ్ళినప్పుడు ఎలీసమ్మ ఆమె దగ్గర మొరపెట్టుకుంది.

“పదిసార్లు పడిందక్కా. ఓసారి తలుపుకి గుద్దుకుని, ఓసారి తన చెప్పు తనే తొక్కుకుని. దెబ్బ మాత్రం తగల్దు. నాకు బుర్ర తిరిగిపోతందనుకో.”

“పడినంక ఏం జేస్తాది?”

“నా మొహంలోకి చూస్తది.”

“గాలి పట్టిందేమోమే ఆ ముసిలామెకు! లేకుంటే నిన్ను పంపించేదానికి నాటకాలాడతాంది.”

“ఎముక విరిగితే నన్నే అంటారక్కా. టికెట్ కొట్టి పంపించేస్తారు. అన్న పిల్లలిద్దరూ ఇప్పుడు నా మీదే ఉన్నారు.”

“ఈసారి పడితే వీడియో తీసుకో. సబూతు ఉంటే నీ మీదికి రాదు.”

నిజమే. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు అక్కడ ఫోనే వకీలు. కప్పు పగిలినా, చొక్కా కాలినా ముందు వీడియో, తర్వాతే మాట.

మర్నాడు ఎలీసమ్మ ఫోన్ పట్టుకుని కూర్చుంది.

ఫోన్ చూడగానే పెద్దమామా కళ్ళు మెరిశాయి. జుట్టు సవరించుకుంది! సోఫా ఎక్కబోయి, అవతలి వైపుకు జారి, పరదా పట్టుకుని గిర్రున తిరిగి, దిండు మీద చతికిలబడింది.

ఎలీసమ్మకు ఏదో పొంగుకొచ్చింది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. అన్న పోయి నెల్లాళ్ళు కాలేదు, నవ్వితే పాపం కాదూ! పళ్ళు బిగబట్టింది.

పెద్దమామా ఎప్పటిలాగే చూసింది, ఎప్పటిలాగే నిట్టూర్చింది.

వీడియో చూసి దలాల్ అదిరిపడింది.

“ఖలాస్! ఇక నడవనివ్వొద్దు.”

డాక్టరు వచ్చాడు. చక్రాల కుర్చీ వచ్చింది. కుర్చీలోంచి లేవకుండా నడుముకు బెల్టు, పూటకో మాత్ర.

“మంచి పని చేశావు ఎలీసమ్మా,” అంది దలాల్. ఉద్యోగం నిలబడింది. ఎలీసమ్మ మనసు కుదుటపడింది.

పెద్దమామా మాత్రం ఆ తర్వాత ఆమె మొహంలోకి చూడలేదు. గోడనే చూస్తూ కూర్చునేది. నలభై రోజులు తిరక్కుండానే ఒక ఉదయం లేవలేదు.

పరామర్శకు జర్మనీ నుంచి ఆవిడ చెల్లెలు ఇర్మా వచ్చింది. కాఫీ ఇవ్వబోయిన ఎలీసమ్మ చెయ్యి పట్టుకుని, తేలిక ఇంగ్లీషులో అడిగింది.

“ఎలీసమ్మ అంటే నువ్వేనా?”

“అవునండి.”

“అక్క ప్రతి ఆదివారం ఫోన్లో నీ గురించే చెప్పేది. చివరికి నవ్వావా?”

ఎలీసమ్మ తెల్లబోయింది. “అదేంటండీ! పెద్దావిడ పడిపోతుంటే ఎవరైనా నవ్వుతారా?”

ఇర్మా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

“అక్క ఇరవయ్యో ఏట హాంబర్గ్‌లో ఒక చిన్న నాటకశాలలో చేరింది. తర్వాత సినిమాలు, టీవీ. ఇరవై రెండేళ్ళు చేసింది. పెళ్ళితో అంతా వదిలేసింది. మేమెంత బతిమాలినా మళ్ళీ ఒక్కసారి చెయ్యలేదు.”

“ఏం చెయ్యలేదండి?”

“పడటం.”

“నేనేనండి... వీడియో తీసి ఆవిడకి బెల్టు కట్టించింది నేనేనండి,” అని ఎలీసమ్మ భోరుమంది.

ఇర్మా ఆమెను దగ్గరికి తీసుకుంది.

“అక్క పడితే జర్మనీ అంతా పొట్ట పట్టుకుని నవ్వేదమ్మా. నలభై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఎందుకు మొదలుపెట్టావే అంటే, ‘ఇక్కడొక పిల్ల అన్నను పోగొట్టుకుంది, అది ఒక్కసారి నవ్వేదాకా పడుతూనే ఉంటాను’ అంది.”