గరిటె చప్పుడు

నోట్లో ఏం పెట్టుకున్నా వంటమాస్టరుకి తడిసిన అట్టముక్క నమిలినట్టే ఉండేది.

మంచాన పడేసిన జ్వరం పోతూ పోతూ అతని నాలుకనీ ముక్కునీ పట్టుకుపోయింది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకడు తను. రెండోది అదే వంటింట్లో కూరగాయలు తరిగే అతని పెళ్ళాం. బయటికి పొక్కితే ఉద్యోగం ఊడుతుంది. రుచి తెలియని వంటవాణ్ణి ఏ హోటల్ పెట్టుకుంటుంది?

అందుకే మొగుడూ పెళ్ళాల మధ్య ఒక ఏర్పాటు. అతను వండుతాడు. ఆమె గరిటెతో కాస్త తీసుకుని నోట్లో వేసుకుంటుంది. మూకుడు అంచు మీద గరిటెతో ఒక్కసారి తడితే సరిపోయిందని. రెండుసార్లు తడితే ఉప్పు చాల్లేదని.

అతను ఉప్పు వేసేటప్పుడూ, తను రుచి చూసేటప్పుడూ ఆమె కళ్ళు అతని కుడిచేతి మీదే ఉండేవి. ఉండవా మరి! ఇంట్లో కూర కాస్త చప్పబడితే కంచం విసిరికొట్టిన చెయ్యి అది. "నీది నాలుకా, చెప్పుముక్కా?" అంటూ కాపురానికొచ్చిన కొత్తలోనే చెంప వాయించిన చెయ్యి. ఇప్పుడా చెప్పుముక్కే తనకి తిండి పెడుతోందని తలుచుకుంటే అతనికి ఒళ్ళు మండుకొచ్చేది.

ఆ రోజు యజమానురాలు నేరుగా వంటింట్లోకే వచ్చింది.

"మాస్టరూ, మీ క్రీమ్ పాస్తా ఒకసారి చేసి పెట్టండి. నచ్చిందా, నేను కట్టిస్తున్న పెద్ద హోటల్ వంటిల్లు మీదే. మాంసం మాత్రం ఇది వాడండి."

పొట్లం విప్పింది. ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది మాంసం. రోజూ వాడేదానికంటే ముదురుగా, గట్టిగా ఉంది.

ఆవిడ అటు వెళ్ళగానే అతను ఇటు తిరిగాడు.

"ఏమే, ఇవాళ ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూడు. ఇది గట్టెక్కితే నేనక్కడ. నువ్విక్కడే ఉల్లిపాయలు తరుక్కుంటూ ఉండు."

"మరి అక్కడ రుచెవరు చూస్తారండీ?"

"నాలుకలకి కరువా? వయసులో ఉన్నదాన్నెవర్తెనో పెట్టుకుంటా. రోజంతా నీ మొహం చూసే ఖర్మైనా తప్పుతుంది."

ఆమె క్యారెట్లు, బీన్స్ సన్నగా తరిగింది. బఠాణీలు ఒలిచింది. కత్తి చప్పుడు మాత్రం కాస్త పెరిగింది.

ఆమె వీపు వెనక పొయ్యి మీద వెన్నలో వెల్లుల్లి మాడి నల్లబడింది. గిన్నెలు కడిగే ముసలమ్మ అటు మూల నుంచి పరుగెత్తుకొచ్చి దించేసింది.

"ఏంటమ్మా, కంపుకి అక్కడ నాకు దగ్గొస్తోంది, పక్కనే ఉండి కదలవేం? మొగుడి మీద కోపం పొయ్యి మీదా?"

"ఆయన పొయ్యి, ఆయనిష్టం. నాకెందుకు?" అంది ఆమె, తలెత్తకుండా.

"నేను చూస్తూనే ఉన్నాలే. ఇంకాస్త ఎర్రబడాలని ఉంచా," అని మాస్టరు సర్దుకున్నాడు. పెళ్ళాం వైపు చూసి పళ్ళు కొరికాడు.

వెల్లుల్లి మళ్ళీ వేయించాడు. మాంసం ముక్కలు వాటి కొవ్వులోనే కరకరలాడించాడు. కూరగాయలు మగ్గాక క్రీమ్ పోశాడు. ఉడికిన పాస్తా వార్చి అందులో కలిపాడు. చీజ్ తురిమాడు. కొత్త మాంసంలోనే ఉప్పెక్కువేమో అని, ఉప్పు రోజూ వేసేదాంట్లో సగమే వేశాడు.

ఆమె నోట్లో వేసుకుంది. చూపు అతని చేతి మీదే.

టక్. టక్.

"నిజంగానా?"

"రుచి తెలిసే నాలుక మీదా, నాదా?"

అతను మిగతా సగం వేశాడు. ఆమె మళ్ళీ చూసింది.

టక్.

యజమానురాలు వంటింటి బల్ల దగ్గరే ఒక ముద్ద తింది. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. పనివాళ్ళందరినీ పిలిచింది. ప్లేటు మాస్టరు ముందుకు తోసింది.

"కూర్చోండి. అందరి ముందూ మీరే తినండి."

ఇంత గౌరవం అతనికెప్పుడూ జరగలేదు. కూర్చుని, ఒక ముద్ద నమిలి, కళ్ళు మూసుకున్నాడు.

"ఆ మాంసం మహిమ అమ్మగారూ. అమృతం!"

"అయితే మొత్తం తినండి."

తిన్నాడు. పెదాలు కూడా నాక్కున్నాడు. గిన్నెలు కడిగే ముసలమ్మ ఆత్రం ఆపుకోలేక మూకుట్లోది చిటికెడు నోట్లో వేసుకుని, తొట్టి దగ్గరికి ఉరికి ఉమ్మేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు.

"ఉప్పుగల్లు నమిలి అమృతమంటున్నారు. మీకు నాలుక పోయి ఎన్నాళ్ళయింది మాస్టరూ?" అంది యజమానురాలు. "రేపట్నుంచి ఇక్కడికి కూడా రానక్కర్లేదు."

అందరూ వెళ్ళి ఇద్దరే మిగలగానే అతను చెయ్యెత్తాడు.

"కావాలనే చేశావు కదే?"

ఆమె ఆ చేతి వంక చూడలేదు. మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది.

"అవును. ఇన్నాళ్ళూ ఈ రోజు కోసమే చూశా."

ఎత్తిన చెయ్యి దానంతటదే దిగిపోయింది. ఇరవయ్యేళ్ళు పక్కన పడుకున్న మనిషి ఎవరో అతనికి ఒక్కసారిగా తెలియకుండా పోయింది. ఏప్రన్ ఊడదీసి నేలకేసి కొట్టి, పెరటి తలుపులోంచి వెళ్ళిపోయాడు.

ఆమె మూకుడు అడుగున మిగిలింది వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంది. మొగుడికి చాకిరీ చేస్తూ అదే జ్వరం తనూ అంటించుకుని, అతని చెయ్యి వేసే ఉప్పుని కళ్ళతోనే కొలిచి గరిటె తడుతున్నప్పటి నుంచి నోట్లో ఏం పెట్టుకున్నా ఎలా ఉంటోందో, ఇదీ అలాగే, తడిసిన అట్టముక్క నమిలినట్టే ఉంది.