రంజన్ కొన్నట్టు

అయినా, పిడి చెక్కదని గ్రెగ్‌కి తనెందుకు చెప్పినట్టు? ఇప్పుడు బల్ల మీదున్న నాలుగింటికీ చెక్క పిడే. గొట్టం పొడుగన్నాడు. నాలుగూ పొడుగే. అడిగినవన్నీ తెచ్చి ముందు పెడితే మనిషి ఎంత ఇరుకున పడతాడో శ్రీపతికి ఈ వయసులో తెలిసొచ్చింది.

కిటికీలు లేని గది. బల్ల మీద నల్ల గుడ్డ. చేతులకి తొడుగులు వేసుకున్న గ్రెగ్ నాలుగు రివాల్వర్లనీ నగల కొట్లో హారాల్లా సర్ది పెట్టాడు. తొందరేం లేదన్నాడు. ఏదీ కాదనిపిస్తే ఏదీ కాదనే చెప్పమన్నాడు. చెప్పి సంతకం పెట్టాక మాత్రం, ఇది కాదు ఇంకోటి అంటే కుదరదన్నాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని వరంగల్లు బట్టల కొట్లలో బోర్డు ఉంటుంది. ప్రపంచమంతా ఒకటేనని శ్రీపతి సంతోషించాడు.

ఈ రకం తయారీ ఎప్పుడో ఆపేశారు. దొరకడం కష్టమని గ్రెగ్ మొదటిరోజే చెప్పాడు. నిన్న అతనే ఫోను చేసి, దొరికిందనుకుంటున్నాం, వచ్చి చూసుకోమన్నాడు.

మామూలు రివాల్వర్‌తో గొడవ లేదు. ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. ఇది అలా కాదు. పేల్చే ప్రతిసారీ ముందు బొటనవేలితో వెనకున్న సుత్తిని లాగాలి. ఆ తర్వాతే ట్రిగ్గర్. అంటే బుద్ధి పుట్టడానికీ పని జరగడానికీ మధ్య, మనసు మార్చుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుందన్నమాట. మనుషుల్లో ఇలాంటి ఏర్పాటు ఉంటే సగం పెళ్ళిళ్ళు ఆగిపోయేవి. ఇంత మంచి వస్తువు తయారీ ఆపేశారంటే ఆపరూ మరి.

ఈ జ్ఞానమంతా ఫోన్లోంచి వచ్చింది. చలికాలం మొదలైనప్పటి నుంచీ అదే చదువు. ఆ రోజుల్లోనే పెట్రోలు బంకులో కౌంటరు పని మానేసి, ఊరి చివర ట్రుగనీనాలో గోడౌన్‌లో చేరాడు. అక్కడ అట్టపెట్టెలు. వాటితో నవ్వుతూ మాట్లాడక్కర్లేదు. భోజనాల వేళ కూడా ఫోన్లో రివాల్వర్ల బొమ్మలు తిప్పుతుంటే పక్కన కూచునే కౌశల్ ఉండబట్టలేకపోయాడు.

"అన్నా, కోక్ క్యాన్ తెరిస్తేనే ఉలిక్కిపడతవ్. నీకు గీ సబ్జెక్ట్ అవసరమానే?"

అవసరమే. నిద్ర కోసం. మంచాన్ని గోడ వారకి జరిపి చూశాడు. గడియ వేశాడో లేదోనని లేచి చూసి, చూశాడో లేదోనని మళ్ళీ లేచాడు. నిద్ర పట్టడానికి తుపాకీ వెతుక్కునేవాణ్ణి ఏమంటారో సైకాలజిస్టుని అడిగాడు. మీకేమనిపిస్తోంది అని ఆవిడ తిరిగి అడిగి గడియారం చూసుకుంది. గొప్ప శాస్త్రం. ప్రశ్న మనదే, జవాబూ మనదే.

ఇందాక కారులో తీసుకొస్తూ సింధుజ భార్యగా తన వంతు చెప్పింది.

"సిటిజన్‌షిప్ వచ్చేదాంక మంచిగుండక, మనకెందుకు శ్రీపతీ గీ తుపాకుల లొల్లి?"

"ఇయ్యాల తేలకపోతే ఇగ నాకు నిద్ర రాదు."

"నాకు పట్టుచీర కొన్ననాడు గింత ఆలోచించినవా? లోపలికి పోంగనే ఆకుపచ్చది అన్నవ్, బయటికొచ్చినవ్."

నిజమే. చీరయితే తప్పుగా ఎంచుకున్నా ఆవిడే కట్టుకుంటుంది. ఇక్కడ తప్పుగా ఎంచుకుంటే రాత్రులన్నీ తనే మోయాలి.

శ్రీపతి ముందుకు వంగి చూశాడు. ఒకదాని పిడి ఎర్రగా ఉంది. ఒకదానికి గీతలున్నాయి. తను కావాలనుకున్నదాన్ని ఒక్కసారే చూశాడు, అదీ సరిగ్గా కాదు. తొలిచూపు వ్యవహారమంతా అంతే. ముక్కూ మొహం గుర్తుండవు. గుండె దడ మాత్రం మిగులుతుంది.

గ్రెగ్ ఓపిగ్గా నీళ్ళ గ్లాసు ముందుకు జరిపాడు.

అప్పుడు శ్రీపతికి ఎందుకో రంజన్లు గుర్తొచ్చాయి. ఎండాకాలం రాగానే వాళ్ళమ్మ నీళ్ళ కోసం కొత్త రంజన్ కొనేది. రోడ్డు పక్కన మట్టి రంజన్లన్నీ ఒక్కలాగే ఉండేవి. వాటి వైపు సరిగ్గా చూసేది కూడా కాదు. వేలి కణుపుతో తట్టి, తల పక్కకి వంచి, చప్పుడు వినేది. ఇంత బాగున్నదాన్ని వద్దంటావేమని ఇతను గునిస్తే, "కండ్లతోని గాదు బిడ్డా, చెవులతోని ఏరాలె" అనేది.

శ్రీపతి కుర్చీని గోడవైపు తిప్పుకుని కూచున్నాడు. చూడనన్నాడు. ఒక్కొక్కదాని సుత్తీ లాగి వినిపించమన్నాడు.

ఇలాంటి కోరిక గ్రెగ్‌కి కొత్త అయి ఉంటుంది. గది బయటికి వెళ్ళి ఎవరినో అడిగి వచ్చి, సరేనన్నాడు. అన్నీ ఖాళీవేనని రెండుసార్లు చెప్పాడు.

"ఫస్ట్ వన్, మేట్."

ఎండుపుల్ల విరిచినట్టు ఒక్క చప్పుడు. శ్రీపతి తల అడ్డంగా ఊపాడు. వాళ్ళమ్మ కూడా ఇలాగే ఊపేది, కుమ్మరాయన మొహం మాడ్చుకునేవాడు.

రెండోది నూనె పట్టించినట్టు మెత్తగా పలికింది. దీంతో ఎవరికైనా జోలపాడొచ్చు. అదీ కాదు.

పిచ్చి పని చేస్తున్నాననిపించింది. రంజన్‌ని తట్టినట్టు తుపాకీని తట్టి చూసే మనిషికి సిటిజన్‌షిప్ ఇస్తారా అనిపించింది. లేచి, ఏదీ కాదని చెప్పేసి, బయట సింధుజ చేతిలోని కాఫీ సగం తాగేసి, ఇంటికి పోదామనిపించింది.

"నెక్స్ట్ వన్. రెడీ?"

డిటెక్టివ్ గ్రెగ్ చేతిలో మూడోది చిట చిటమని తడబడి చివర టక్కుమంది, శ్రీపతి చేతులు రెండూ, ఆ రోజు బంకు కౌంటరు వెనక దొంగ ముందు లేచినట్టే, అతన్ని అడక్కుండా పైకి లేచాయి.