సోమవారం ఒప్పుకోలు

ఆళ్లగడ్డలో ఏడు గంటల బస్సు ఎక్కేసరికే లూదియా కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కరుణ పక్కకు జరిగి చోటిచ్చింది. హ్యాండుబ్యాగు ఒళ్ళోకి లాక్కుని, టిఫిన్ డబ్బా ఆమె చేతిలో పెట్టింది.

"తినుమే. రాత్రి కూడా ఏమీ తినుండవు."

"నువ్వో?"

"నాది ఉపాసం కదా. ఈ పొద్దుతో మూడు దినాలు."

ఉపవాసం ఎందుకో లూదియా అడగలేదు. తన కోసమేనని ఆమెకు తెలుసు.

ఇద్దరూ నంద్యాలలో సాల్మన్ రాజుగారి విత్తనాల కంపెనీలో పని చేస్తారు. కరుణ సూపర్‌వైజరు. లూదియా ఆమె కింద మొలక పరీక్షలు చేస్తుంది. వంద వడ్లగింజలు తడి కాగితంలో చుట్టి, వారం తర్వాత ఎన్ని మొలిచాయో లెక్కపెట్టాలి. ఆ గింజలు తీసిన మూటల లాటు నెగ్గితే పచ్చ చీటీ కట్టాలి, తప్పితే ఎర్ర చీటీ.

సాల్మన్ రాజుగారు దేవుడికి భయపడే మనిషి. ఆయన దగ్గర మెమోలు లేవు, తిట్లు లేవు, ఒకరి పని మీద ఇంకొకరి నిఘా లేదు. ఒక చీటీకి ఒకే సంతకం. సోమవారం ప్రార్థనలో ఎవరి తప్పు వాళ్ళు లేచి ఒప్పుకుంటే చాలు, అక్కడితో కొట్టేసినట్టే. తూకం తప్పినవాడు, మధ్యాహ్నం మూటల మీద కునుకు తీసినవాడు, అందరూ అలా లేచి ఏడ్చి, తేలికై కూర్చున్నవాళ్ళే. ఇలాంటి కంపెనీ జిల్లాలో ఇంకొకటి లేదని ఆయనకు కాస్త గొప్ప కూడా.

ఈసారి తప్పు మాత్రం కునుకంత చిన్నది కాదు. పద్నాలుగో లాటు మొలవలేదు. రుద్రవరంలో ముప్పై ఇళ్ళవాళ్ళ నారుమళ్ళు ఉత్త బురదగా మిగిలాయి. కొండయ్య అనే రైతు శుక్రవారం పురుగుల మందు తాగి చనిపోయాడు. ఆ లాటుతో వెళ్ళింది పచ్చ చీటీ. దాని మీద ఉన్నది లూదియా సంతకం.

"నేను ఎర్రదే కట్టినట్టు గుర్తక్కా," అంది లూదియా, డబ్బా మూత తీయకుండానే.

తప్పు చేసినవాళ్ళు మొదట అనే మాట అదే. కరుణ కోప్పడలేదు.

"ఆ పొద్దు వందనకు జ్వరమని ఫోనొచ్చె. నువ్వు ఏడ్చుకుంటా పోతివి. బయట రుద్రవరం లారీవాడు హారను కొడతాండె. పచ్చ చీటీల మీద పొద్దున్నే సంతకాలు పెట్టి పెట్టుకునేది మనందరికీ అలవాటే. ఆ తొందర్లో చెయ్యి దేని మీద పడిందో నీకేం తెలుసు?"

లూదియా ఆలోచించింది. వందన ఆమె మూడేళ్ళ కూతురు. ఆ సాయంత్రం పిల్ల జ్వరం తప్ప నిజంగానే ఇంకేమీ సరిగ్గా గుర్తు రావడం లేదు.

"నిన్ను ముందుగా పంపించింది నేనే. తప్పు నాది కూడా," అంది కరుణ.

"అట్లనాకక్కా. నువ్వేం చేసినావు?" లూదియా ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒప్పుకుంటే పని పోతాదేమో. మా ఆయన పోయినాక నాకు ఈ పనే దిక్కు. పాపను ఎట్ల సాకేది?"

"సారు ఇంతవరకు ఎవర్నన్నా తీసేసినాడా? ఒప్పుకున్నోళ్ళను తీసేయడు. దాచిపెట్టినోళ్ళకే ఈడ చోటుండదు."

బస్సు శిరివెళ్ల దాటాక లూదియా డబ్బా మూత తీసింది. కరుణకు కాస్త ఊపిరాడింది.

ప్రార్థనకు నలభై మంది కూర్చున్నారు. పాట అయింది, వాక్యం అయింది. సాల్మన్ రాజుగారు కొండయ్య పేరెత్తి కళ్ళు తుడుచుకున్నారు. కరుణ మోకాళ్ళ మీద, కళ్ళు మూసుకుని, ఒకటే మాట అడుగుతోంది. లూదియాకు ధైర్యమివ్వు ప్రభువా.

లూదియా లేచింది.

"పద్నాలుగో లాటుకు పచ్చ చీటీ కట్టింది నేనే. కొండయ్య నా వల్లే సచ్చిపాయ. నన్ను క్షమించండి."

గదిలో సగం మంది ఏడ్చారు. సాల్మన్ రాజుగారు వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టారు.

"క్షమించినామమ్మా. ఇంక ఈ మాట ఈడ ఎవరూ ఎత్తరు."

కరుణ ఆమెను వాటేసుకుంది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది కరుణే.

పదకొండు గంటలకు పోలీసు జీపు వచ్చింది. చీటీ కట్టిందెవరని ఎస్సై అడిగాడు. సాల్మన్ రాజుగారు అబద్ధమాడే మనిషి కాదు. ప్రార్థనకు కూర్చున్నవాళ్ళెవరూ కాదు. పొద్దున క్షమించినవాళ్ళంతా వరసగా నిలబడి, విన్నది విన్నట్టు చెప్పి సంతకాలు పెట్టారు.

"నువ్వు లేకుంటే ఈ బరువు దిగేది కాదక్కా," అంది లూదియా జీపు ఎక్కుతూ. "పాప పక్కింట్లో ఉండాది. చూసుకుంటావా?"

"నా బిడ్డ మాదిరి చూసుకుంటా."

జీపు మలుపు తిరిగింది. సాల్మన్ రాజుగారు కరుణ దగ్గరికి వచ్చారు.

"కరుణమ్మా, నీ చేతి కింద లారీ ఎన్నడూ గంట కూడా ఆలస్యంగా కదల్లేదు," అన్నారు. "ఈ పొద్దు ఒక ఆత్మను కూడా దారికి తెచ్చినావు."

కరుణ తల వంచుకుని స్తోత్రం చెప్పింది.

సాయంత్రం ఆళ్లగడ్డలో దిగి, వందనను చంకనేసుకుని తన ఇంటికి తెచ్చుకుంది. పిల్ల అమ్మ ఎప్పుడొస్తుందని ఒకసారి అడిగి, తర్వాత పాలు అడిగింది. కరుణ గిన్నెలో పాలు పోసి గ్యాసు పొయ్యి వెలిగించింది.

తర్వాత హ్యాండుబ్యాగు లోపలి జిప్పు తీసి, రుద్రవరం లారీకి ఒక లాటు తక్కువైన ఆ సాయంత్రం తన చేత్తో తాను విప్పేసిన ఎర్ర చీటీని, దాని మీది లూదియా సంతకంతో సహా, పాలగిన్నె కింది మంటలో పెట్టింది.