ఇరవై మూడు మార్కులు

నిరోష కావాలనే ఫెయిలయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

డిగ్రీ ఆఖరి పరీక్ష జువాలజీ. దానికి ముందు నాలుగు రోజులు జ్వరంతో పడి ఉంది. పరీక్ష నాడు బాపు చెన్నయ్య గొర్రెలను తన తమ్ముడు గిరికి అప్పగించి, ఆమెను బస్సులో నల్లగొండ తీసుకుపోయాడు. హాల్లోకి పంపి, మూడు గంటలూ గేటు బయటే కూర్చున్నాడు. ఎగ్గొట్టడానికి వీలు లేకపోయింది.

ప్రశ్నపత్రం చూడగానే లెక్క తేలింది. ఎంత గుంజుకున్నా నలభై. నలభై వస్తే పాస్. పాసైన పేపరు మళ్లీ రాయనివ్వరు.

ఆమెకు అరవై శాతం కావాలి. హైదరాబాదులో పశువుల జబ్బుల మీద ఎమ్మెస్సీ చెప్పే సంస్థ ఒకటుంది. అరవైకి రవ్వంత తగ్గినా దరఖాస్తే తీసుకోరు. ఈ పేపరులో నలభైతో బయటపడితే మొత్తం మీద సరిగ్గా ఇరవై మూడు మార్కులు తక్కువ పడతాయి. ఫెయిలైతే మాత్రం ఏడాది ఆగి మళ్లీ రాయవచ్చు. అప్పుడు ఎన్ని తెచ్చుకుంటే అన్నీ కలుపుతారు.

ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా నీలి నాలుక జబ్బు వచ్చి, వారం తిరక్కుండానే మందలో సగం పోయింది. బాపు చెలకలో గుంత తవ్వుతూనే ఉన్నాడు. ఒక్కొక్క గొర్రెనూ పేరు పెట్టి పిలిచి దింపాడు. ఆ వారం నుంచే ఆమెకు ఈ చదువు కావాలి.

చివరి ప్రశ్న ముట్టుకోలేదు. గంట ముందే పెన్ను మూత పెట్టేసింది.

ఫలితాల్లో ముప్పై ఏడు వచ్చాయి. మూడు మార్కులతో ఫెయిల్.

నిరోష ఒక్కర్తే ఊపిరి పీల్చుకుంది. ఒకటో తరగతి నుంచి ఆమె ఎన్నడూ తప్పలేదు. ఆ మాట చెన్నయ్య మేత బీళ్లలో కలిసిన ప్రతివాడికీ చెప్పుకున్నవాడే. ఇప్పుడు చాయ్ హోటల్ ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి మందను తోలుకుపోతున్నాడు.

విషయం తెలిసింది కాలేజీలో స్నేహలత మేడం ఒక్కరికే. మీ నాన్నకు చెప్పెయ్, లేకపోతే చదువు మాన్పిస్తాడు అని ఆమె రెండుసార్లు హెచ్చరించింది. నిరోష తల ఊపింది. చెప్పవలసిన మాటలు నోట్‌బుక్కులో నాలుగుసార్లు రాసుకుంది కూడా. బాపు ఎదురుగా పోయాక మాత్రం మంద సంగతేదో అడిగి వెనక్కి వచ్చేసేది. మూడు గంటలు గేటు బయట కూర్చున్న మనిషికి ఆ మాట ఎట్లా చెప్పాలి?

ఒక్కసారి మాత్రం, ఆయన కుంటిగొర్రె కాలికి కట్టు కడుతుండగా, వెనక నిలబడి అడిగింది.

“బాపూ, ఒక్క ఏడాది ఇయ్యి. మల్ల రాస్త.”

చెన్నయ్య తల ఎత్తలేదు.

“ఏడాది ఖరాబు జేస్తనా బిడ్డా? నేన్ జూస్కుంట. నువ్వు ఫికర్ జెయ్యకు.”

చదువు మాన్పించి పనిలో పెడతాడేమోనని ఆ మాటతో ఆమెకు అనుమానం మొదలైంది. బాబాయి గిరి పని చేసేది చౌటుప్పల్ మందుల కంపెనీలో. ఆ వారమే బాపు గిరి బండెక్కి చౌటుప్పల్ పోయాడు. ఇంకో వారం నల్లగొండ దాకా పోయాడు. నిరోష సంచిలో వెతికితే మార్కుల మెమో, హాల్‌టికెట్టు కనిపించలేదు.

నిరోష అడిగితే అమ్మ అండాలు తనకు తోచింది చెప్పింది.

“నాకేం జెప్తడే మీ బాపు. గా కంపెనీ ముచ్చటే అయ్యుంటది. ప్యాకింగ్‌ల ఆడివిల్లలనే తీస్కుంటరంట.”

ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు. వచ్చేలోపు చదవగలిగినంత చదవాలి. నిరోష పొద్దున్నే మంద వెంట పోయి, గొర్రెలు మేస్తుంటే జువాలజీ పుస్తకం తెరిచేది. గొర్రెపిల్లలకు పాలు తాపుతూ పాఠాలు పైకి అప్పజెప్పుకునేది. పదిహేను రోజులకోసారి మేడం ఫోనులో ప్రశ్నలు పంపేది. మొదటిసారి యాభై రెండు. తర్వాత అరవై ఆరు. దసరా ముందు డెబ్బై ఎనిమిది.

డెబ్బై ఎనిమిది చూసిన నాడు ఆమెకు ధైర్యం వచ్చింది. కంపెనీ నుంచి కాగితం రాకముందే అంతా చెప్పేయాలి. కొడితే కొట్టనీ.

తెల్లవారి లేచి వాకిట్లోకి వచ్చేసరికి మొక్కుబడి పొట్టేలు పసుపు పూసుకుని, మెడలో బంతిదండతో నిలబడి ఉంది. అమ్మ బోనం కుండకు సున్నం పూస్తోంది. బాబాయి గిరి పొద్దున్నే వచ్చి మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడు. బాపు తలస్నానం చేసి, ఉతికిన తెల్ల తువ్వాల వేసుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన ముఖంలో వెలుగు.

ఆయన చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

ఆలస్యమైపోయిందని నిరోషకు అర్థమైంది. అయినా ఈసారి ఆగలేదు. నేరుగా దగ్గరికి పోయింది.

“బాపూ, నేను కంపెనీకి పోను. నీకొకటి జెప్పాలె.”

“కంపెనీ ఏంది?” చెన్నయ్య వింతగా చూశాడు. తర్వాత ఆమె తల మీద చెయ్యి వేసి, కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

“మూడు మార్కులు యాడికి పోతయి బిడ్డా, నల్లగొండ దాకా తిరిగి నీ పేపరు మల్ల దిద్దిపిచ్చిన, నలభై ఏసిండ్రు, నువ్వు పాసైనవ్.”