నజీమా మామ్మ వంట పాఠం

“మాంసం పొట్లం ఎక్కడ పెట్టావ్?” మెట్ల మలుపులో ఆగి గుసగుసగా అడిగింది హల్లేల్.

“చొక్కాలో. పొట్ట గడ్డకట్టిపోతోంది, తొందరగా పద,” అన్నాడు యోతాం.

“గుర్తుందిగా? నేను మామ్మని మాటల్లో పెడతాను. నువ్వు ఫ్రీజర్ తియ్యి, లోపలికి తొయ్యి, మూసెయ్యి. పోయిన వారంలా ఐసు డబ్బా కింద పడేశావో, చంపేస్తాను.”

“నీకేం, కబుర్లు చెబుతావ్. దొంగతనం నాది.”

“దొంగతనమేంట్రా! పెట్టి వస్తున్నాం కదా.”

“పెట్టి రావడానికే ఇంత భయమైతే, ఎత్తుకొచ్చేవాళ్ళు ఎలా బతుకుతున్నారో!”

జెరూసలేం సంత వెనక సందులో, మూడో అంతస్తులో, నజీమా మామ్మ ఒంటరిగా ఉంటుంది. పండగ ముందు ప్రార్థనాలయం వాళ్ళు ఆవిడ గుమ్మంలో సరుకుల పెట్టె పెట్టారు. ఆవిడ ఆ మోకాళ్ళ నొప్పులతోనే మూడంతస్తులూ దిగి, పెట్టె మోసుకెళ్ళి వాళ్ళ మెట్ల మీదే పెట్టేసింది. “ఆకలితో ఉన్నవాళ్ళకివ్వండి,” అని ఒక్క మాట అని వచ్చేసింది. ఆ తర్వాత చాలా రోజులు ఎవరు తట్టినా తలుపు తియ్యలేదు. చివరికి బత్షెవా టీచర్ ఎలాగో లోపలికి వెళ్తే, ఫ్రిజ్‌లో కనిపించినవి ఒక ఉల్లిపాయ, అర ముక్క రొట్టె.

బడిలో దానధర్మాల పాఠం చెప్పేది ఆ టీచరే.

“దానానికి ఎనిమిది మెట్లు. ఇచ్చింది ఎవరో పుచ్చుకున్నవాడికి తెలియకపోతే అదో మెట్టు. ఎవరు ఎవరికిస్తున్నారో ఇద్దరికీ తెలియకపోతే ఇంకా పైమెట్టు.”

“ఇచ్చేవాడికే తెలియకుండా ఎలా ఇస్తాడు టీచర్? నిద్రలోనా?” అన్నాడు యోతాం. క్లాసంతా గొల్లుమంది.

టీచర్ కూడా నవ్వింది. “ముందు నువ్వూ హల్లేలూ వంట నేర్చుకోండి. తర్వాత చూద్దాం.”

అలా మొదలైంది మామ్మ ఇంట్లో గురువారం వంట పాఠం. సరుకులు బడి ఖర్చు. మిగిలినవి మామ్మ దగ్గరే ఉండిపోవాలి. ఎక్కువ మిగిలేలా చూడడం వీళ్ళ పని. మామ్మకి అనుమానం వచ్చిందో, ఆ తలుపు మళ్ళీ తెరుచుకోదు.

ఇప్పుడు తెరుచుకుంది.

“ఇంత ఆలస్యమా? తిండి వేళకి రావడం కూడా నేనే నేర్పాలా?” అంది నజీమా మామ్మ. “చేతులు కడుక్కోండి. నువ్వింకా చిక్కిపోయావురా పొడుగోడా.”

ఆవేళ కుబ్బె. రవ్వ ముద్దల్లో మాంసం కూరి నిమ్మ పులుపు చారులో ఉడికించాలి.

“మామ్మా, ఈ ముద్ద పగిలిపోతోంది, చూడండి!” అంది హల్లేల్.

“ముద్దా ఇది? మురిక్కాలవలో దొరికిన రాయిలా ఉంది!” మామ్మ పిండి మీదికి వంగింది. వెనకాల ఫ్రీజర్ తెరుచుకుంది, మూసుకుంది. యోతాం పొట్ట రుద్దుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

మామ్మ తలెత్తి అతణ్ణి ఎగాదిగా చూసింది. “ఆ ప్యాంటు విప్పు.”

“అయ్యో! ఎందుకు మామ్మా?”

“మోకాళ్ళు బయటికొచ్చాయి. తాతగారి ప్యాంటు గుడ్డ వేసి కుడతాను. అంతదాకా ఆ దుప్పటి చుట్టుకో.”

“ఇది ఫ్యాషన్ మామ్మా! చిరుగులకే ధర ఎక్కువ.”

“అవును నాన్నా, అవును,” అంది మామ్మ, జ్వరం వచ్చిన పిల్లాడితో మాట్లాడినట్టు.

చారు ఉడికేసరికి కొత్త జీన్సుకి రెండు గోధుమరంగు అతుకులు పడ్డాయి. హల్లేల్ నవ్వాపుకోలేక రెండుసార్లు బాల్కనీలోకి వెళ్ళొచ్చింది.

“మీరు తినకపోతే మేమూ ముట్టం,” అన్నాడు యోతాం గిన్నె పక్కకి జరిపి. అది టీచర్ నేర్పిన ఎత్తు.

“మొండి ఘటాలు!” అంటూ మామ్మ తనూ వడ్డించుకుంది. మొదట్లో రెండు ముద్దలతో సరిపెట్టేది. ఇప్పుడావిడ బుగ్గలు కాస్త నిండాయి.

“మీ నాన్న ఇప్పుడేం చేస్తున్నాడు?” అడిగింది మామ్మ.

“ఇంట్లోనే ఉంటాడు మామ్మా, పొద్దస్తమానం పైజామాలోనే.” ఇంటినుంచే కంప్యూటర్ ఉద్యోగం అని చెప్పేలోపే యోతాం గిన్నెలో ఇంకో రెండు ముద్దలు పడ్డాయి. నోరు నింపుకుని హుషారుగా అందుకున్నాడు. “బడిలో ఇంకెవరికీ ఈ పాఠం లేదు తెలుసా మామ్మా? మా ఇద్దరికే!”

బల్లకింద హల్లేల్ అతని కాలు కసిగా తన్నింది.

మామ్మ గరిటె గాల్లో ఆగిపోయింది.

“మిగతావాళ్ళకి వంటంటే ఇష్టం లేదు...” అంటోంది హల్లేల్.

“నా గిన్నెలు చిన్నవి, ఇద్దరికే సరిపోతాయి...” అంటోంది మామ్మ, అదే క్షణంలో.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. హమ్మయ్య అనుకుంది హల్లేల్. కారణం మామ్మే వెతికిపెట్టింది!

వెళ్ళేటప్పుడు మామ్మ బీరువాలోంచి ఉన్ని కోటు తీసింది. “తాతగారిది. ఊరికే పడుంది.”

“నాకుంది మామ్మా,” అన్నాడు యోతాం.

“ఉందిలే,” అంటూ మెడదాకా గుండీలు పెట్టేసింది.

కింది అంతస్తుకి చేరగానే హల్లేల్ ఫోన్ తీసింది. “కొంచెంలో దొరికిపోయేవాళ్ళం టీచర్! ఈ వెధవ నోరు జారాడు. కానీ మామ్మకి అనుమానం రాలేదు.”

“ఎంత తింది?”

“రెండు గిన్నెలు!”

బత్షెవా టీచర్ నవ్వుకుంటూ ఫోన్ పెట్టేసిందో లేదో, మళ్ళీ మోగింది. ఈసారి నజీమా మామ్మ. తలుపు గడియ వేసుకుని మరీ గుసగుసలాడుతోంది.

“కొంచెంలో తప్పింది టీచరమ్మా, ఇది దానమని ఆ పేదపిల్లలకి తెలిసిపోయేది!”