మాస్టారి పిట్టల పిచ్చి

"దిగండి ముందు! ఆ స్టూలు మీంచి దిగండి!"

భార్య కేకకి లెక్కల మాస్టారు ఉలిక్కిపడి పెరటి గోడ పట్టుకున్నాడు. చంకలో జొన్నల డబ్బా. గోడకి అవతల సందు. సందులో వెనకింటి నర్సమ్మ, కొంగు బొడ్లో దోపుకుని, బకెట్టు పక్కన పెట్టుకుని తన కొత్త తెల్ల కారు కడుక్కుంటోంది. మాస్టారి మొహం మీద నవ్వు ఇంకా చెరగలేదు. చూడాల్సిందంతా భార్య చూసేసింది.

"పిట్టలకి గింజలు వేస్తున్నానే," అని నసిగాడు.

"పిట్టలు గోడ మీదున్నాయా, గోడకవతల ఉన్నాయా?"

ఒళ్ళు మండిపోదూ మరి! పెళ్ళయిన దగ్గర్నించీ కుండీలో మొక్కకి చెంబెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు ఈ మహానుభావుడు. అలాంటివాడు ఈమధ్య ఉన్నట్టుండి పెందరాళే లేచి, తల దువ్వుకుని మరీ పెరట్లోకి పోతున్నాడు. జొన్నలట, సజ్జలట, మూకుట్లో నీళ్ళట, బొప్పాయి ముక్కలట! పోనీ అంత పెరడుంది కదా, ఎక్కడైనా పెట్టొచ్చుగా? అబ్బే, సరిగ్గా నర్సమ్మకి ఎదురుగా, ఆ గోడ మీదే పెట్టాలి. పెట్టినవాడు లోపలికి రావాలా వద్దా? స్టూలు మీద నిలబడి సందులోకి చూస్తూ ముసిముసి నవ్వులు.

"ఆ మూకుడు ఇలా తెండి. జామచెట్టు కింద పెడదాం."

"వద్దొద్దు! అక్కడైతే పిల్లులొస్తాయి."

"మనింటికి పిల్లి ఎప్పుడొచ్చింది?"

"రాలేదనుకో. వస్తుందేమోనని."

ఇంతలో గోడవతలి నుంచి తీయటి గొంతు వినిపించింది. "మాస్టారూ, ఇవాళ మీ గోరింకలు ముందే వచ్చేశాయే! అక్కయ్యగారూ, మీరు అదృష్టవంతులండీ. నోరులేని జీవాల మీద ఇంత జాలి ఉన్న మగాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడుంటారు?"

"ఉన్నాడుగా, మా ఇంట్లో ఒకడు. జాలి కారిపోతోంది," అంది ఆవిడ పళ్ళు నూరుతూ.

"రేపు కూడా పెడతారుగా మాస్టారూ?"

"తప్పకుండా అమ్మా, తప్పకుండా!" మాస్టారు మెలికలు తిరిగిపోయాడు.

అంతే. భార్య విసవిసా లోపలికెళ్ళి, బీరువా తీసి, చేతికందిన చీరలన్నీ సంచిలో కుక్కడం మొదలెట్టింది. మాస్టారు డబ్బాతో సహా వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

"ఎక్కడికే?"

"మా అన్నయ్య దగ్గరికి. మీరూ మీ గోరింకా సుఖంగా ఉండండి."

"అయ్యో, నీకేమైనా మతిపోయిందా?"

"పోయింది నాకు కాదు. ఆవిడ కారు తెచ్చి మన పెరటి గేటుకి అడ్డంగా పెడితే, వెళ్ళి తియ్యమని చెప్పండంటే ఏమన్నారు? 'పోనీలే, ఒంటరి ఆడమనిషి' అన్నారు. రోజూ స్కూటరు వంటింట్లోంచి, హాల్లోంచి తోసుకుంటూ వీధిలోకి తీసుకెళ్తున్నారు గానీ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేరు! టైరు మరకలు తుడవలేక ఇక్కడ నా నడుం విరిగిపోతోంది. నేనేం తక్కువ చేశానండీ మీకు?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారు క్లాసులో బెత్తం పట్టుకుంటే పులే గానీ, బయట కూరగాయల వాడు పుచ్చు వంకాయలు వేసినా కిక్కురుమనకుండా తెచ్చుకునే రకం. ఆయన పెరటి తలుపు దగ్గరికి వేసి, గొంతు బాగా తగ్గించాడు.

"నేను చూసేది ఆవిణ్ణి కాదే పిచ్చిదానా. కారుని."

"కారునా?"

"ఒకసారి చెప్పి చూశాను. 'అలాగేనండీ' అని నవ్వింది, మర్నాడు మళ్ళీ అక్కడే పెట్టింది. ఇంకోసారి అడగడానికి నాకు నోరు రాలేదు. అప్పుడు తట్టింది." మాస్టారు బోర్డు ముందు నిలబడ్డట్టు వేలెత్తాడు. "గోడ మీద మేత తిన్న పిట్టలు వెంటనే ఎగిరిపోవు. కాసేపు సందులో కరెంటు తీగ మీద వరసగా కూచుంటాయి. తీగ కింద ఏముంది?"

ఆవిడ ఏడుపు ఆగింది.

"అందుకే ఆవిడ రోజూ కారు కడుక్కుంటోందా?"

"కడుక్కుంటూ కాకుల్ని తిట్టుకుంటోంది. నామీద ఈగైనా వాల్లేదు. ఇంకొన్నాళ్ళకి విసుగెత్తి తనే ఇంకోచోట పెట్టుకుంటుంది. మాటా మాటా అనుకోనక్కర్లేదు, మొహాలు మాడ్చుకోనక్కర్లేదు."

ఆవిడ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. ముక్కు చీది, సంచిలోంచి చీరలు తీసి మంచం మీద పడేసింది.

"ఛీ ఛీ! ఇంత చదువుకున్నారు, కాస్తయినా బుద్ధుండక్కర్లేదూ?"

మాస్టారు తల దించుకున్నాడు.

"ఇవాళ్టితో ఆ జొన్నలు, సజ్జలు బంద్. విన్నారా?"

"అలాగేలే," అన్నాడు నీరసంగా.

ఆవిడ ఆయన చేతిలోంచి డబ్బా లాక్కుని, బజారు సంచి చేతిలో పెట్టింది.

"వెళ్ళి నేరేడు పళ్ళు పట్రండి. ఆ మరక జన్మలో వదలదు!"